మూడో అంతస్తులో ఒక ఆదివారం

పొద్దున 6.40. పక్క గదిలో అలారం మూడోసారి మోగుతోంది. మోగేది అక్కడైనా అదిరేది ఇక్కడి మంచం. ఫోను వైబ్రేషన్‌లో ఉంది, చెక్క బల్ల మీద ఉంది, ఆ బల్ల గోడకి ఆనుకొని ఉంది. గాల్లో వచ్చే మాటల్నీ పాటల్నీ గోడ చాలావరకు ఆపుతుంది గానీ, బల్లలోంచి గోడలోకి ఎక్కిన అదురుని ఆపలేదు. బల్లని రెండు వేళ్లు ఇవతలికి లాగి, ఫోను కింద మడిచిన చేతిరుమాలు వేస్తే సగం గొడవ తీరుతుంది. మిగతా సగం స్నూజ్ వల్ల. ఒక్కసారి మోగి ఆగిపోయే అలారంతో ఎవరికీ పేచీ ఉండదు. పది నిమిషాలకోసారి మోగేదైతే, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందోనని పక్కగదివాళ్లు కళ్లు మూసుకొని కాచుకుంటూ పడుకుంటారు.

హాస్టల్లో ఉన్నకొద్దీ ఈ సంగతి బలపడుతూనే ఉంటుంది. చప్పుడు కన్నా, అది ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడమే మనిషిని ఎక్కువ తినేస్తుంది. "పదకొండు దాకా ప్రాక్టీస్ ఉంది, ఆ తర్వాత ఆపేస్తాం" అని సాయంత్రమే ఒక మాట చెబితే గోడ అవతలివాళ్లు పదకొండు దాకా ఓర్చుకుంటారు. చెప్పకపోతే పదింటికే తలుపు కొడతారు. వేళ చెప్పడం అనే ఈ చిన్న మర్యాద మీదే అంతస్తు అంతస్తంతా నడుస్తుంది.

ఆదివారం కాబట్టి బాత్‌రూమ్‌ల దగ్గర తొక్కిడి లేదు. నీళ్లు పోయే జాలీ మీద వెంట్రుకల చుట్ట కనబడుతోంది. వెంట్రుకలొక్కటే అయితే జారిపోతాయి. సబ్బు జిడ్డు పట్టాకే అవి ముద్దగా మారి గొట్టం మూసుకుపోతుంది. స్నానం అయ్యాక ఎవరి వెంట్రుకలు వాళ్లు కాగితంతో తీసి చెత్తబుట్టలో వేస్తే పది సెకన్ల పని, వదిలేస్తే వారం తిరిగేసరికి మడమ మునిగే నీళ్లు. చెప్పులు లేకుండా ఆ తడి నేల మీద నడవకూడదు. కాలి వేళ్ల సందుల్లో పాచినట్టయి దురద పెట్టే ఫంగస్ ఇక్కడే అంటుకుంటుంది. తువ్వాలుతో ఆ సందులు తుడుచుకోవడం సబ్బు రుద్దుకోవడమంత ముఖ్యం.

9 గంటలకి లాండ్రీ రూమ్. ఆదివారం కథంతా ఇక్కడే. మెషీన్లు తక్కువ, బట్టలు ఎక్కువ. దాంతో అందరూ చేసే తప్పు డ్రమ్ము కుక్కేయడం. ముందు తలుపు ఉన్న మెషీన్‌లో బట్టలు వేశాక, వాటి పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే బట్టలు పైకి లేచి కింద పడవు. అలా పడితేనే కదా మురికి వదిలేది. రెండో తప్పు పౌడర్. డబ్బా మీద రాసిన కొలతే చాలు, మామూలు మురికికి అంతకన్నా కొంచెం తక్కువైనా సరిపోతుంది. ఎక్కువ పోస్తే నురుగు బట్టల మధ్య మెత్తలా నిలబడి రాపిడి తగ్గిస్తుంది, జాడించడానికి మెషీన్ ఎక్కువసేపు తీసుకుంటుంది, మిగిలిన జిడ్డు రబ్బరు మడతల్లో చేరి వాసన మొదలవుతుంది. ఆ వాసన తర్వాత వేసేవాళ్ల బట్టలకీ పడుతుంది. పని అయ్యాక రబ్బరు మడతలో చెయ్యి పెట్టి చూడాలి. తప్పిపోయిన సాక్సులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. మెషీన్ తలుపు ఓరగా తెరిచి వదిలేస్తే లోపల ఆరుతుంది.

దుప్పటి ఒక్కటే వేస్తే మరో ఇబ్బంది. అది తడిసి ఒక ఉండ అయిపోతుంది, బరువంతా ఒక పక్కకి చేరుతుంది, తిప్పి పిండే సమయానికి మెషీన్ ధనధనా కొట్టుకుంటుంది, లేదా తిరగడం మానేసి నీళ్లోడుతున్న దుప్పటిని అలాగే వదిలేస్తుంది. చెడిపోయిందని కాగితం అంటించే ముందు దుప్పటి విప్పి, రెండు తువ్వాళ్లు జత చేసి, పిండే దశ ఒక్కటి మళ్లీ పెట్టి చూడాలి. చాలాసార్లు అంతే సరిపోతుంది. డ్రయ్యర్ ఉంటే వేసిన ప్రతిసారీ జల్లెడలోని నూలు పీచు తీసెయ్యాలి. పీచు నిండితే గాలి ఆడదు, బట్టలు తడిగానే ఉంటాయి. పైగా ఆ పీచు ఇట్టే అంటుకుంటుంది. డ్రయ్యర్లు తగలబడే కారణాల్లో ఇది పెద్దది.

మెషీన్ ఆగి పది నిమిషాలైనా మనిషి రాలేదు. ఏం చెయ్యాలి? అంతస్తు మొత్తం ముందే ఒప్పుకున్న పద్ధతి లేకపోతే దీని మీద జరిగినన్ని తగాదాలు ఇంక దేని మీదా జరగవు. బాగా నడిచే పద్ధతి ఇది. బట్టలు వేసేటప్పుడే గది నంబరు, అయిపోయే వేళ చీటీ మీద రాసి మూత మీద అంటించాలి. ఫోన్లో టైమర్ పెట్టుకోవాలి. ఆగాక పది నిమిషాలు గడువు. ఆ తర్వాత ఎవరైనా తీసి, దానికోసమే పెట్టిన శుభ్రమైన బుట్టలో వెయ్యొచ్చు. నేల మీద, మెషీన్ పైన పెట్టకూడదు. చీటీ ఉన్నచోట బట్టలు తీసినందుకు ఎవరికీ కోపం రాదు. చీటీ లేనిచోట లోదుస్తులు ఎవరు ముట్టుకున్నారన్న దగ్గర మొదలై మాటలు ఎక్కడికో పోతాయి.

గదిలో ఆరేసేవాళ్లకి ఒక మాట. పిండేశాక కూడా నిండు లోడులో రెండు లీటర్ల దాకా నీళ్లు ఉండొచ్చు. కిటికీ మూసి ఆరేస్తే ఆ నీళ్లన్నీ గది గాల్లోకి, అక్కడి నుంచి చల్లగా ఉండే బయటి గోడ మీదికి చేరతాయి. బీరువా వెనక నల్లటి బూజు అలాగే మొదలవుతుంది. బీరువాకీ బయటి గోడకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచాలి, బట్టలు ఆరే అంతసేపూ కిటికీ తెరవాలి.

పరుపు కుట్ల వెంట నల్ల చుక్కలు, పొద్దున్నే చేతి మీద వరసగా దద్దుర్లు కనిపిస్తే నల్లులని అనుమానించాలి. అప్పుడు స్నేహితుల గదిలో పడుకోవడానికి వెళ్తే అవి కూడా వెళ్తాయి. పరుపు కారిడార్‌లోకి లాగితే అంతస్తంతా పాకుతాయి. అదే రోజు ఆఫీసులో చెప్పాలి, బట్టలు మూతి కట్టిన సంచిలోనే లాండ్రీకి తీసుకెళ్లి డ్రయ్యర్ బాగా వేడి మీద అరగంట తిప్పాలి. నల్లులు మురికివాళ్లకే వస్తాయన్నది అబద్ధం. ప్రయాణపు బ్యాగులో ఎవరికైనా వస్తాయి. సిగ్గుపడి దాచిన ఒక్క వారంలో అవి రెండు గదులు దాటతాయి. అందుకే ఆ సిగ్గు పోగొట్టడం పక్కవాళ్ల బాధ్యత కూడా.

మధ్యాహ్నం కామన్ కిచెన్. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండాలి. పదిమంది తెరుస్తూ మూస్తూ ఉంటే అది నిలవదు కాబట్టి ఒక చిన్న థర్మామీటరు లోపల పెట్టడం మేలు. వండినది బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజుల్లో తినెయ్యాలి. డబ్బా మీద పేరొక్కటే రాస్తారు చాలామంది. తేదీ లేని పేరుతో లాభం లేదు. పేరుంది కదా అని ఎవరూ పారెయ్యరు, ఆ మనిషేమో మర్చిపోతాడు. పేరు, పెట్టిన తేదీ, పారెయ్యాల్సిన తేదీ, మూడూ కావాలి.

శుభ్రం చేసే వంతులు ఎక్కడ చెడతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. "ఈ వారం 304" అని రాసిన చార్టు రెండు వారాలకే చచ్చిపోతుంది. కిచెన్ శుభ్రం అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం మరి. "304: ఆదివారం రాత్రి 9 లోపు పొయ్యి తుడవడం, సింకు జాలీ తియ్యడం, చెత్త సంచి మార్చడం" అని రాస్తే చేశారో లేదో చూడగానే తెలుస్తుంది.

పొయ్యి మీద పెట్టి ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్తే పొగకి అలారం మోగి, మొత్తం భవనం మెట్లు దిగుతుంది. నెలలో రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి ఎవరూ కదలరు, అసలు భయం అదే. అందుకని స్మోక్ డిటెక్టర్‌కి ప్లాస్టిక్ సంచి తొడిగేవాళ్లున్నారు. నిద్రలో ఉన్నవాళ్లని లేపేది అదొక్కటే, దాని మీద చెయ్యి వెయ్యొద్దు. కారిడార్‌లో తమంతట తామే మూసుకునే బరువైన తలుపులకి కుర్చీ అడ్డం పెట్టడమూ అంతే ప్రమాదం. పొగని మెట్ల దాకా రాకుండా ఆపేవి అవే. అలారం మోగితే గది తలుపుని చేతి వెనక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తియ్యొద్దు, సందుల్లో తడి గుడ్డలు కుక్కి, కిటికీ దగ్గరికి చేరి ఫోన్ చెయ్యాలి. వేడి లేకపోతే బయటికొచ్చి తలుపు మూసి, లిఫ్ట్ జోలికి పోకుండా మెట్లు దిగాలి. కెటిల్, హీటర్ లాంటివి ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించకూడదు, ఒక బోర్డుకి ఇంకో బోర్డు అసలే తగిలించకూడదు.

సాయంత్రం కారిడార్‌లో మెట్ల పక్క గది ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఎప్పుడూ ఆ గది ముందే. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయపు విద్యార్థుల నివాసాల్లో లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన పరిశీలన 1950లో అచ్చయింది. పక్క తలుపువాళ్లని దగ్గరి స్నేహితులుగా చెప్పినవాళ్లు 41 శాతం, అదే అంతస్తులో ఆ చివర ఉన్నవాళ్లని చెప్పినవాళ్లు 10 శాతం. మెట్ల కింద, పోస్టు డబ్బాల పక్కన ఉన్నవాళ్లకి పై అంతస్తు స్నేహాలు కూడా ఎక్కువ. స్నేహాన్ని స్వభావమే కాదు, నడిచే దారి కూడా నిర్ణయిస్తుందన్నమాట. ఈ లెక్కన చివరి గదిలోవాళ్లు ముభావంగా ఉన్నారనుకోవడం అన్యాయం. వాళ్ల తలుపు ముందు నుంచి ఎవరూ నడవరు, అంతే. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి ఆరు వారాలు ఇల్లు గుర్తొచ్చే రోజులు. ఆ రోజుల్లో "ఎప్పుడైనా రా" అంటే ఎవరూ రారు. "ఏడున్నరకి భోజనానికి వెళ్తున్నాం, తలుపు కొడతాం" అంటే వస్తారు.

రూమ్‌మేట్ల ఒప్పందాలు చెడేదీ ఈ మాటల దగ్గరే. "తొందరగా పడుకుంటా", "అప్పుడప్పుడూ స్నేహితులొస్తారు", "నాకేదైనా ఫర్వాలేదు." మూడింట్లోనూ పట్టుకోవడానికి ఏమీ లేదు. పెద్ద లైటు ఎన్నింటికి ఆర్పాలి, బయటివాళ్లు ఎన్నింటి దాకా ఉండొచ్చు, రాత్రి ఉండాలంటే ఎన్ని రోజుల ముందు అడగాలి, ఎవరి వస్తువులు అడగకుండా తీసుకోవచ్చు, అలారం ఎన్నిసార్లు మోగొచ్చు. వీటికి అంకెల్లో జవాబులు మొదటి వారంలోనే రాసుకోవాలి. అప్పటికింకా స్నేహం ముదరలేదు కాబట్టి మొహమాటం తక్కువ. ఆరు వారాలకి ఒకసారి, పరీక్షల ముందు ఇంకోసారి తీసి చూసుకోవాలి.

రాత్రి 10.30. పైన ఎవరో కుర్చీ జరిపారు. కుర్చీ కాళ్లకి ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్కలు అంటిస్తే పోయే చప్పుడు ఇది. చెప్పాల్సి వస్తే అదే రోజు, కోపం రాకముందే, ఒక్కరే వెళ్లి చెప్పాలి. తలుపు మీద చీటీ అంటిస్తే వచ్చేపోయేవాళ్లంతా చదువుతారు, సంగతి పరువు మీదికి పోతుంది. "మీ కుర్చీ చప్పుడు మాకు బాగా వినిపిస్తోందండీ, ఈ ముక్కలు అంటిస్తారా?" అని చేతిలో ఆ నాలుగు ముక్కలూ పట్టుకొని వెళ్తే ఇంకో మాట అక్కర్లేదు.

చివరి గదిలో ఒకరికి జ్వరం. హాస్టల్లో అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది ఇది. వాంతులు, విరేచనాలు ఉంటే శానిటైజర్‌ని నమ్ముకోకూడదు. వాటిని తెచ్చే నోరోవైరస్ శానిటైజర్‌కి సరిగ్గా లొంగదు, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడటం, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని మచ్చలు, వీటిలో ఏది కనిపించినా మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కావచ్చు. మచ్చలు వచ్చేదాకా ఆగకూడదు, పొద్దున చూద్దామనుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొత్తగా హాస్టల్లో చేరినవాళ్లకి దీని ముప్పు మిగతావాళ్లకన్నా కొంచెం ఎక్కువ. టీకా ఉంది, చేరకముందే వేయించుకోవాలి.

ఇవాళ ఆ లక్షణాలేవీ లేవు, జ్వరమూ ఒళ్లునొప్పులే. అయినా ఒక్కరినే వదిలి పడుకోలేం. మంచం పక్కన నీళ్ల సీసా, థర్మామీటరు, చేతికందేలా ఫోను, దానికి చార్జర్. ఉష్ణోగ్రత, చూసిన వేళ కాగితం మీద రాసి పెట్టాలి. బయటికొచ్చే ముందు గుమ్మంలో చెప్పాల్సిన మాట ఒక్కటే: "గడియ పెట్టుకోకు. పన్నెండింటికి వచ్చి చూస్తా."