ఏ వరుసకి ఏది జోడీ?

పొద్దున్నే ఒక సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసి రాసిన పట్టిక) వచ్చింది. పోయిన నెల పంపిందే, "కొద్దిగా సరిచేశాం" అని ఒక్క ముక్క జతచేశారు. ఏం సరిచేశారో, ఎక్కడ సరిచేశారో లేదు. ఎప్పుడూ ఉండదు.

అలవాటు కొద్దీ, రెండు ఫైళ్ల తేడాలు లైన్ల వారీగా చూపించే డిఫ్ అనే ప్రోగ్రామ్ నడిపాను. స్క్రీనంతా ఎరుపూ పచ్చా. కొత్తదాంట్లో ఒక్క వరుసా పాతదాంతో కలవలేదట! తీరా చూస్తే, ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినట్టున్నారు, ప్రతి లైన్ చివరా కంటికి కనపడని అక్షరం ఒకటి చేరింది. అది తీసేసినా ఎరుపు పెద్దగా తగ్గలేదు, వరుసల క్రమం కూడా మార్చేశారు మరి. డిఫ్‌ని అనుకుని లాభం లేదు. 1970ల్లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పుట్టింది, 1976లో హంట్, మెక్‌ఇల్‌రాయ్ దాని పద్ధతి వివరిస్తూ నివేదిక రాశారు. రెండు ఫైళ్లలోనూ ఒకే క్రమంలో వచ్చే లైన్లని వీలైనన్ని పట్టుకుని, మిగిలినవన్నీ మార్పులే అంటుంది. ప్రోగ్రాములకి క్రమమే ప్రాణం కాబట్టి అక్కడ చెల్లుతుంది. పట్టికలో వరుస పైనున్నా కిందున్నా అదే వరుస కదా.

అందుకే ఏ కాలమ్‌తో వరుసని గుర్తుపట్టాలో మనమే చెప్పాలి. ఐడీని కీగా (అంటే వరుసకి గుర్తుగా) ఇచ్చి, పట్టికలు పోల్చే టూల్‌తో మళ్లీ నడిపాను. ఈసారి తీసేసినవీ, కొత్తగా చేరినవీ బోలెడు వచ్చాయి. రెండు లెక్కలూ అచ్చంగా సమానం. అక్కడే అనుమానం తగిలింది. పోయినవాటిలో 00417 ఉంది, వచ్చినవాటిలో 417. ముందున్న సున్నాలు ఎక్సెల్ మింగేసింది. (దీని ధాటికి జన్యువుల పేర్లే మారాయి. సెప్ట్1 అని కొడితే తేదీ అయిపోతోందని సెప్టిన్1 చేశారు.)

సున్నాలు తిరిగి పెట్టాక జోడీలన్నీ కుదిరాయి. మిగిలిన తేడాల్లో 12.50 కాస్తా 12.5 అయినలాంటివి వదిలేశాను, అంకె అదే. అసలు మార్పు కొలతల కాలమ్‌లో దొరికింది: పోయిన నెల ఖాళీగా ఉన్న గళ్లలో ఇప్పుడు సున్నాలున్నాయి. ఖాళీ అంటే కొలవలేదని. సున్నా అంటే కొలిస్తే ఏమీ రాలేదని. సగటు తీస్తే ఎంత కిందికి జారుతుందో!

ఎందుకిలా చేశారని మెయిల్ పెట్టాను. సాయంత్రానికి జవాబొచ్చింది: "ఖాళీలుంటే చూడ్డానికి బాగోలేదండీ, నింపేశాం." ఆ కాలమ్ మాత్రం పాత ఫైల్లోంచే తీసుకున్నాను.