ఎడమ పక్కన రెండో రైడ్

సెలవు మీద తిరుపతికి వచ్చి, కొర్లగుంటలోని మా ఇంటి మేడ మీద డ్రమ్ సెట్ బిగిస్తుంటే, పక్కన నిలబడి చూస్తున్న మా మేనల్లుడు "రైడ్లు రెండెందుకు మామా? ఒకటి చాలదా?" అని అడిగాడు. రైడ్ అంటే డ్రమ్ సెట్‌లో లయను నడిపే పెద్ద కంచు పళ్లెం. నాలుగేళ్ల కిందట ఇదే ప్రశ్న నన్నడిగి ఉంటే, చాలుననే చెప్పి ఉండేవాణ్ణి. ఇక్కడి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో 8 ఏళ్లు వాయించినప్పుడు నా దగ్గర ఒక హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట పళ్లాలు), రెండు క్రాష్‌లు (ఒక్క దెబ్బతో పెళ్లున మోగే పళ్లాలు), ఒకే ఒక్క రైడ్ ఉండేవి. మండపంలో జనం సందడి మీదుగా పాట వినిపించాలంటే గట్టిగా, స్పష్టంగా మోగే బరువైన రైడ్ ఒకటి ఉండాలి. అది ఉన్నంతవరకు నాకు మరొకదాని అవసరం తోచలేదు.

దుబాయిలో ఒక హోటల్ లాంజ్‌లో ఉద్యోగం దొరికినప్పుడు ఆ రైడ్‌నే చెన్నై దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని, అక్కడినుంచి విమానంలో తీసుకుపోయాను. అది 22 అంగుళాలది. తూకం 3 కిలోలకు దగ్గరగా ఉంటుంది. అక్కడ వారానికి ఆరు రాత్రుల పని, రాత్రికి 45 నిమిషాల చొప్పున నాలుగు విడతలు. మొదటి రెండు విడతల్లో, జనం భోజనం చేస్తూ మాట్లాడుకుంటుండగా, జాజ్ పాటలు తక్కువ శబ్దంతో వాయించాలి. తరువాతి రెండింటిలో హిందీ, ఇంగ్లిష్, అరబిక్ పాటలు జోరుగా సాగాలి. పియానో, బేస్ వాయించేవారు ఫిలిప్పీన్స్ వాళ్లు, శాక్సోఫోన్ ఆయనది గోవా. వాళ్లందరి మధ్య తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

మూడో వారంలో పియానో ఆయన నన్ను పక్కకు పిలిచి, తాను ఒంటరిగా వాయించే భాగంలో నా రైడ్ తన కుడిచేతి స్వరాలను కప్పేస్తున్నదని చెప్పారు. ఆయన కోప్పడలేదు, అయినా నాకు చాలా చిన్నతనమనిపించింది. మరుసటి రాత్రి ఇంకా మెల్లగా వాయించాను. అప్పుడు వేరొక లోపం బయటపడింది. బరువైన పళ్లెం మీద స్టిక్ తగిలిన టింగు మాత్రం సూదిలా వినిపిస్తుంది, దాని వెనుక ఉండవలసిన హోరు లేవదు. పాట నడక కింద పరచిన చాప లాంటిది ఆ హోరు. అది లేకపోతే ప్రతి దెబ్బా విడివిడిగా, ఎవరో బల్ల మీద తడుతున్నట్టుగా ఉంటుంది. గట్టిగా కొడితే హోరు లేస్తుంది కానీ పియానో మునిగిపోతుంది. చేతిని ఎంత అదుపులో పెట్టుకున్నా, లోహం తన స్వభావాన్ని వదులుకోదు.

ఈ చిక్కుకు జాజ్ వాయిద్యకారులు ఏనాడో దారి చూపించారని ఆ తరువాత తెలుసుకున్నాను. 1940ల్లో డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ వంటివారు లయను నడిపే బాధ్యతను కాలి కింది బేస్ డ్రమ్ నుంచి రైడ్ మీదికి తెచ్చారు. లయ మొత్తం ఒక పళ్లెం మీద ఆధారపడిన తరువాత, ఆ పళ్లెం గొంతు ఎలాంటిదన్నది పెద్ద విషయమైపోయింది. న్యూయార్క్‌లో 1966 నుంచి సోమవారం రాత్రుల్లో తన పెద్ద బృందంతో వాయించిన డ్రమ్మర్ మెల్ లూయిస్, ఒక్కొక్క సోలో (ఒకరు ఒంటరిగా వాయించే భాగం) వెనుక ఒక్కొక్క పళ్లెం ఎంచుకునేవారు. ట్రంపెట్ వెనుక ఉన్న పళ్లెం పియానో వెనుక ఉండేది కాదు. పాడేవారు మారినప్పుడు తోడు కూడా మారాలన్న ఆలోచన నాకు కొత్తగా అనిపించలేదు. మా నాయన గోవిందరాజస్వామి గుడి దగ్గరి భజన గోష్ఠిలో తాళం వేసేవారు. ఆయన సంచిలో ఎప్పుడూ రెండు జతల తాళాలుండేవి. ఆడవాళ్లు హెచ్చు శ్రుతిలో పాడితే సన్నటి జత, గోష్ఠి అంతా కలిసి అందుకుంటే మందపాటి జత బయటికి తీసేవారు. నేను పదేళ్ల వయసులో దాన్ని చూశాను, ముప్పై నాలుగో ఏట దుబాయిలో అర్థం చేసుకున్నాను.

తాళాలకూ రైడ్‌కూ లోహం కూడా దాదాపు ఒకటే. మేలురకం సింబళ్లు, అంటే డ్రమ్ సెట్ పళ్లాలు, నాలుగు పాళ్ల రాగికి ఒక పాలు తగరం కలిపిన కంచుతో తయారవుతాయి. మన తాళాల కంచు కూడా ఇంచుమించు ఆ పాళ్లదే. 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైన, సింబళ్లు చేసే జిల్జియన్ కుటుంబం పని ఈ మిశ్రమం మీదే నిలబడింది. ఇంత తగరమున్న కంచు పెళుసుగా ఉంటుంది కాబట్టి దాన్ని కాల్చి, సాగదీసి, సుత్తితో కొట్టి దారికి తెచ్చుకోవాలి. ఆ సుత్తిదెబ్బల తీరు, మందం, వంపు మారితే గొంతు మారిపోతుంది.

రెండో రైడ్ కొనడానికి ఒక నెల జీతంలో మూడో వంతు పక్కన పెట్టవలసి వచ్చింది; ఆ నెల ఇంటికి తక్కువ పంపుతున్నానని మా ఆవిడకు ఫోనులో చెప్పడానికి రెండు రోజులు వెనకాడాను. దుకాణంలో చూసిన మొదటిది ఎంతో బాగా మోగింది కానీ అది అచ్చంగా నా పాతదానిలాగే మోగింది, అందుకే వద్దనుకున్నాను. రెండు రైడ్లూ ఒకే మాట మాట్లాడితే రెండోది కేవలం బరువు. అలాగని అవి ఒకదానికొకటి పొసగకుండా ఉండకూడదు. పాట మధ్యలో ఒకదాని మీదినుంచి మరొకదాని మీదికి వెళ్లినప్పుడు, వినేవాడికి గది మారినట్టు ఉండాలి తప్ప ఇల్లే మారినట్టు ఉండకూడదు. చివరికి 20 అంగుళాల పలుచటి రైడ్ తీసుకున్నాను. దాని బెల్ (నడిమి బొడిపె) చిన్నది, వేలితో తట్టినా ఒళ్లంతా కదులుతుంది.

దాన్ని ఎడమవైపు, హైహ్యాట్ పైన, మామూలుగా క్రాష్ ఉండేచోట అమర్చాను. బరువైనది కుడివైపు, నేల మీద నిలబడే పెద్ద డ్రమ్ము ఫ్లోర్ టామ్ పైన, తన పాతచోటే ఉంది. ఎడమది అవసరమైనప్పుడు క్రాష్‌గా కూడా పనికొస్తుంది కాబట్టి ఒక స్టాండు తగ్గింది. పక్కకు చాచిన స్టాండు ఒరిగి పడకుండా దాని మూడు కాళ్లలో ఒకటి సరిగ్గా పళ్లెం కిందికి వచ్చేలా పెట్టాలి. పై మరను ఎప్పుడూ బిగించకూడదు. మర బిగిస్తే పళ్లెం ఊగదు, గొంతు మూసుకుపోతుంది, కొన్నాళ్లకు బీట పడవచ్చు కూడా.

లాంజ్ నేల పాలరాయి, మూడు పక్కలా అద్దాల గోడలు. ఖాళీగా ఉన్నప్పుడు ఎడమ రైడ్ హోరు వెళ్లి తిరిగి వస్తుంది. జనం నిండాక వాళ్ల బట్టలే దాన్ని పీల్చుకుంటాయి. అందుకే తొలి విడతలో సగం పాటలు కుడి రైడ్ మీదే నడిపి, గది నిండాక ఎడమకు వెళ్లడం అలవాటైంది. పియానో సోలోకు ఎడమది, శాక్సోఫోన్‌కు కుడిది. మారేటప్పుడు వాక్యం ముగిసేచోటే, అంటే ఎనిమిది ఆవృత్తాల చివరే మారతాను. రెండో రైడ్ కొత్తగా వచ్చిన రోజుల్లో మోజు కొద్దీ వాక్యం మధ్యలో మారి, బేస్ వాయించే అతని నడకను రెండుసార్లు చెడగొట్టాను.

ఇదంతా మేనల్లుడికి చెప్పి, మేడ చివర పిట్టగోడ దగ్గర అటు తిరిగి నిలబడమన్నాను. ఏ రైడ్ వాయిస్తున్నానో చెప్పాలి. ఎనిమిదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాడు. తప్పిన రెండుసార్లూ నేను కుడి రైడ్‌ను అంచుకు దగ్గరగా, స్టిక్ భుజంతో (కొనకు కాస్త వెనుక సన్నబడే భాగంతో) వాయించాను. ఆ సంగతి చెప్పగానే వాడు వెంటనే పట్టుకున్నాడు. "అయితే అంచు దగ్గర కొడితే సరిపోతుంది గదా మామా, కొనేదెందుకు?"

మంచి ప్రశ్నే. వాణ్ణి దగ్గరికి పిలిచి, అదే అంచు మీద ఇద్దరు మాట్లాడుకునేంత మెల్లగా వాయించి చూపించాను. హోరు రాలేదు, ఉత్త టకటక వినిపించింది. తరువాత అంతే మెల్లగా ఎడమ రైడ్ మీద వాయించాను. వాడు వంగి, దాని అంచు దగ్గర చెవి పెట్టి, అది ఆగేదాకా విన్నాడు.