క్లాసు లైబ్రరీలో తెలుగుకి వేరే అర పెట్టకండి

చెన్నైలో మా స్కూల్లో నేను చెప్పేది మూడో తరగతికి. పిల్లల్లో కొందరు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఎక్కువమంది తమిళం, కొన్ని ఇళ్లలో రెండూ కలిపే నడుస్తాయి, చదువంతా ఇంగ్లీషులో. ఇలాంటి క్లాసులో పుస్తకాలు ఎలా సర్దాలని తోటి టీచర్లు అడుగుతూ ఉంటారు. నాకు గట్టిగా అనిపించే మాట ముందే చెప్పేస్తాను: భాషల వారీగా అరలు విడగొట్టకండి.

తెలుగుకి వేరే అర పెడితే దాని దగ్గరికి తెలుగు పిల్లలే వెళ్తారు, అదీ మనం చూస్తున్నప్పుడే. ఎనిమిదేళ్ల పిల్లాడు వచ్చి "మిస్, డైనోసార్ పుస్తకం ఉందా?" అంటాడే తప్ప ఏ భాషలో ఉందని అడగడు. అందుకే మా దగ్గర జంతువుల డబ్బాలో మూడు భాషల పుస్తకాలూ కలిసే ఉంటాయి. బొమ్మ చూసి తీస్తారు, తెరిచాక చదవడం రాకపోతే వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుంటారు. మొన్న చాప మీద ఒక అమ్మాయి కప్పల పుస్తకం తెలుగులో వేలు పెట్టి చదువుతోంది. పక్కనున్న తెలుగు రాని పిల్లాడికి ఆత్రం, ఆమె లైను పూర్తిచేయకముందే పేజీ తిప్పబోతాడు, ఆ పిల్ల మోచేత్తో పేజీ నొక్కిపెట్టి "ఇరు డా" (ఉండరా) అని తమిళంలో కసిరి మళ్లీ తెలుగులోకి వచ్చేసింది. వేరే అరలో ఉంటే ఆ పుస్తకం వాడి చేతికి వచ్చేదే కాదు.

రెండు భాషలు పక్కపక్కనే అచ్చయిన పుస్తకాలు ఇక్కడ బాగా పనికొస్తాయి. చెన్నైలోనే ఉన్న తూలిక వాళ్లు 1996 నుంచి పిల్లల పుస్తకాలు వేస్తున్నారు, వాళ్ల దగ్గర ఇంగ్లీషు-తెలుగు, ఇంగ్లీషు-తమిళం జోడీలు దొరుకుతాయి. డబ్బుల్లేవంటే బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు, అనుమతి అడగాల్సిన పనిలేదు.

డబ్బాల పేర్లు పిల్లలతోనే పెట్టించండి. పుస్తకాలన్నీ నేల మీద పోసి, ఏవి వేటితో కలుస్తాయో మీరే చూడండి అంటే చాలు, గంటసేపు క్లాసంతా అదే పని. దయ్యాలు, బళ్లు-రైళ్లు, నవ్వొచ్చేవి, తిండి, అన్నదమ్ముల గొడవలు... ఇలా వస్తాయి. దయ్యానికి భయపడే పిల్లి కథ జంతువుల్లోకా, దయ్యాల్లోకా అని పెద్ద వాదన జరుగుతుంది, జరగనివ్వండి, ఆ వాదన కోసమైనా వాళ్లు ఆ పుస్తకం రెండుసార్లు చదువుతారు. డబ్బాలు అంటే ఖరీదైనవేం కాదు, కూరగాయల ప్లాస్టిక్ బుట్టలు చాలు, ఒక్కోదానిలో పదిహేను, ఇరవైకి మించి పెట్టకండి, కుక్కేస్తే తీయడానికీ రాదు పెట్టడానికీ రాదు.

పెద్దవాళ్ల బీరువాలోలాగా నిలువుగా పక్కకి పేర్చే అలవాటు మాత్రం మానాలి. పిల్లల పుస్తకాలు చాలావరకు మధ్యలో పిన్ను కొట్టిన పల్చటివి, పేరు అచ్చువేయడానికి పక్కన చోటే ఉండదు. పక్కకి పేరిస్తే పిల్లకి కనిపించేది కాగితాల అంచులు మాత్రమే. అట్ట ముందుకి కనబడాలి, బుట్ట పిల్లల ఛాతీ ఎత్తులో ఉండాలి, వేళ్లతో ఒక్కోటీ ముందుకి వాల్చుకుంటూ చూసుకోవాలి.

1924లో మద్రాసు యూనివర్సిటీకి మొదటి లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు ప్రకటించారు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలన్నది మూడోది, పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది నాలుగోది. క్లాసు మూలనున్న నాలుగు బుట్టలకి కూడా ఈ రెండూ వర్తిస్తాయని నేను నమ్ముతాను. అందుకే ప్రతి బుట్ట మీద పిల్లలు వేసిన బొమ్మ, అదే బొమ్మ చిన్న స్టిక్కరుగా పుస్తకం వెనక అట్ట పై మూలలో. అక్షరాలు ఇంకా కూడబలుక్కునే పిల్ల కూడా చదివిన పుస్తకం సరైన బుట్టలో పెట్టేస్తుంది, నన్ను అడగదు.

లెవెల్స్, అంటే పుస్తకం చదవడానికి ఎంత కష్టమో చెప్పే అంకెల సంగతి చాలామంది అడుగుతారు. ప్రథమ్ పుస్తకాల వెనక ఒకటి నుంచి నాలుగు దాకా లెవెల్ వేసే ఉంటుంది, అది టీచరుకి కావాలి, నా నోటుబుక్‌లో రాసుకుంటాను కూడా. బుట్టల్ని మాత్రం లెవెల్ బట్టి పెట్టను. మూడో తరగతిలో ఉండి ఒకటో లెవెల్ బుట్ట దగ్గరికి అందరి ముందూ నడవాలంటే ఏ పిల్లకైనా సిగ్గే, రేపటి నుంచి బుట్టల వైపే రాదు.

ఇక ఈ ఊరి వానలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గోడలు చెమ్మెక్కుతాయి, కాబట్టి స్టాండు గోడకి జానెడు దూరంగా జరపాలి, కింది అర ఖాళీగా ఉంచాలి. వాన తెరిపిచ్చిన రోజు నీడలో, గాలి తగిలేచోట పుస్తకాలు విప్పి ఆరబెట్టండి, ఎండలో పెడితే బొమ్మల రంగు పోతుంది. నాఫ్తలీన్ ఉండలు వద్దు, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

తల్లిదండ్రులు ఇచ్చే పాత పుస్తకాలు అన్నీ తీసుకోకండి. పాత గైడ్లు, చినిగిన కలరింగ్ బుక్కులు బుట్టలో చేరితే మంచివి వాటి అడుగున పడి కనబడకుండా పోతాయి. పాత చందమామ బైండ్లు ఇస్తే మాత్రం నేను సంతోషంగా తీసుకుంటాను. 1947లో ఈ ఊళ్లోనే తెలుగు, తమిళాల్లో మొదలైన పత్రిక అది. అక్షరాలు చిన్నవి కాబట్టి బుట్టల్లో పెట్టను, నా టేబుల్ మీద ఉంచి శుక్రవారం చివరి పీరియడ్‌లో నేనే చదివి వినిపిస్తాను, తమిళ పిల్లలకి అర్థంకాని చోట తెలుగు పిల్లలే చెబుతారు.