మా సాఫ్ట్‌వేర్‌ని వేరేవాళ్ళ చేత అమ్మించిన మూడేళ్ళు

మాది తణుకు. మా తమ్ముడు, నేను కలిసి మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముతాం. కోడు రాసేది వాడు. అమ్మకం, డబ్బు లెక్కలు, ఫోన్లు నా పని. 2021లో మొదలుపెట్టినప్పుడు స్కూటీ మీద నేనే షాపు షాపుకీ తిరిగేదాన్ని. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మెడికల్ షాపులో కాస్త ఖాళీ ఉంటుంది, ఆ రెండు గంటల్లోనే డెమో చూపించాలి. పది స్ట్రిప్పులకి ఒకటి ఫ్రీ వస్తే కొన్న ధర ఎలా పడుతుంది, స్ట్రిప్పు విప్పి నాలుగు మాత్రలు లూజుగా ఇస్తే మిగతా ఆరు స్టాకులో ఎలా కనిపిస్తాయి, వచ్చే మూడు నెలల్లో ఎక్స్‌పైర్ అయ్యే బ్యాచ్‌లు ఏవి, షెడ్యూల్ హెచ్1 మందుల (ప్రతి అమ్మకం విడిగా రాసి పెట్టాల్సిన మందులు) రిజిస్టరు ఎక్కడుంది, ఇవన్నీ చూశాక కూడా ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మీది టాలీ లాంటిదేనా అండీ?" టాలీ అంటే వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్, ఆ కంపెనీవాళ్ళు 1986 నుంచి ఉన్నారు, వాళ్ళ పార్ట్‌నర్లు చిన్న చిన్న ఊళ్ళలో కూడా దొరుకుతారు. ఆ ప్రశ్న వినీ వినీ నాకు అర్థమైంది ఏంటంటే, ఈయన అడుగుతున్నది సాఫ్ట్‌వేర్ గురించి కాదు, రేపు ఏదైనా ఆగిపోతే వచ్చి చూసే మనిషి దగ్గర్లో ఉన్నాడా అని.

ఏడాదిన్నరలో అరవై రెండు షాపులయ్యాయి. అంతకంటే నా ఒక్కదాని వల్ల కాదు. అందుకే 2022 ఆగస్టులో, మా తరఫున షాపులకి అమ్మిపెట్టే మొదటి రీసెల్లర్‌ని పెట్టుకున్నాం. పక్క ఊళ్ళో కంప్యూటర్లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు అమ్మే ఆయన. "మేడం, నలభై శాతం ఇవ్వండి, మీరు కాలు బయటపెట్టక్కర్లేదు" అన్నాడు. మా ధర ఏడాదికి 6,000, జీఎస్టీ 18 శాతం కలిపితే 7,080. ఆయనకి 3,600 ప్లస్ జీఎస్టీకి కీలు (ఒక్కో షాపులో సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి కొట్టే నంబర్లు) ఇచ్చేవాళ్ళం, షాపుకి బిల్లు ఆయనే ఇచ్చుకునేలా. మొదటిసారి ఇరవై కీలకి డబ్బు ముందే కట్టాడు. ఆ రోజు మా ఇంట్లో పండగే. తర్వాతి మార్చికల్లా మొత్తం డెబ్భై నాలుగు కీలు తీసుకున్నాడు.

అయితే ఫోన్లు మాత్రం నాకే వచ్చేవి. "ఆయన ఎత్తట్లేదండీ, బాక్సు మీద మీ నంబరు ఉంది" అని. ఒక్కొక్కళ్ళతో మాట్లాడుతుంటే సంగతులు బయటపడ్డాయి. ఒక షాపులో 4,500కి ఇచ్చాడు, అదే వీధిలో ఇంకో షాపులో 8,000 తీసుకున్నాడు, ఇద్దరిలో ఒక్కరికీ బిల్లు లేదు. బిల్లు లేకపోతే షాపాయనకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తను కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోలేడు, 6,000 మీద 1,080 అంటే ఆయనకి చిన్న మొత్తమేమీ కాదు. జీవితాంతం సర్వీసు ఫ్రీ అని కూడా మాట ఇచ్చేశాడట. ఆ మాట నిలబెట్టుకోవాల్సింది ఎవరు? నేను.

అసలు దెబ్బ 2023 ఆగస్టులో తగిలింది. ఆ నెల పదకొండు షాపుల రెన్యువల్ ఉంటే, వచ్చింది ఒక్కటి. ఆయనకి ఫోన్ చేస్తే "చూస్తానండి" అనేవాడు. షాపులకే నేరుగా చేద్దామని రిజిస్ట్రేషన్లు తెరిస్తే డెబ్భై నాలుగింటికీ మొబైల్ నంబరు ఒకటే, ఆయనది. ఏడాది పాటు ఆ కాలమ్ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు నేను. బాక్సు మీద నంబరు చూసి ఫోన్ చేసినవాళ్ళవి తప్ప ఎవరి నంబర్లూ నా దగ్గర లేవు. స్కూటీ తీసి షాపుల పేర్లు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. నాలుగో షాపులో కౌంటరు మీద స్క్రీన్ చూశాను, మా సాఫ్ట్‌వేర్ కాదు, ఇంకొకళ్ళది. "ఆయనే వచ్చి మార్చాడమ్మా, ఇది కొత్త వెర్షన్ అన్నాడు" అన్నారు షాపు పెద్దాయన. ఆయనకైతే కంపెనీ మారినట్టు కూడా తెలీదు. బయటికొచ్చి కాసేపు బండి స్టార్ట్ చేయలేకపోయాను.

డెబ్భై నాలుగులో చివరికి మిగిలింది పంతొమ్మిది.

కోపం చాలా రోజులు పోలేదు. తమ్ముడైతే కేసు పెడదామన్నాడు. కానీ మా అగ్రిమెంటు తీసి చదివితే, మొదటి ఏడాదికి నలభై శాతం, రెన్యువల్‌కి సున్నా అని నా చేత్తో నేనే రాశాను. రెన్యువల్ డబ్బంతా మనకే వస్తుంది కదా అని సంబరపడి రాసిన లైను అది. ఆయన వైపు నుంచి చూస్తే, మా దగ్గర ఉన్న షాపు రెండో ఏడాది ఆయనకి రూపాయి కూడా తేదు, వేరే కంపెనీది పెడితే మళ్ళీ కొత్త అమ్మకం కింద కమిషన్ వస్తుంది. ఆయన చేసింది మంచిపని అని నేను అనను, షాపువాళ్ళకి నిజం చెప్పకుండా మార్చడం తప్పే. కానీ ఆ దారి వేసిపెట్టింది మా అగ్రిమెంటే.

తర్వాత మా ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర వారం రోజులు కూర్చున్నాం. ఈ ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. వేరేవాళ్ళ చేత అమ్మించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, రీసెల్లరు మన దగ్గర తక్కువకి కొని, తన బిల్లు మీద తను అమ్ముకోవడం. అప్పుడు కస్టమర్ చట్టప్రకారం ఆయన కస్టమర్, ధర ఆయన ఇష్టం, మనకి పేరు కూడా తెలియకపోవచ్చు. రెండోది, బిల్లు మనమే షాపు పేరు మీద ఇచ్చి, డబ్బు మన ఖాతాలో వేయించుకుని, ఆయనకి కమిషన్ ఇవ్వడం. రెండో దాంట్లో మనకి పని ఎక్కువ, టీడీఎస్ కూడా కోయాలి (అంటే కమిషన్‌లో కొంత ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ కింద ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి), కానీ కస్టమర్ మన పుస్తకంలో ఉంటాడు. ఏటేటా రెన్యువల్ మీద బతకాల్సిన సాఫ్ట్‌వేర్‌కి మొదటిది పనికిరాదని నేను గట్టిగా నమ్ముతున్నా, ఎంత పెద్ద అడ్వాన్సు ఇస్తామన్నా సరే.

కొత్త లెక్క ఇలా పెట్టాం. మొదటి ఏడాది 25 శాతం, తర్వాత షాపు ఉన్నన్నాళ్ళూ ప్రతి రెన్యువల్ మీద 20 శాతం, కానీ ఫోన్ చేస్తే వెళ్ళి చూడాలి. షాపాయన సొంత మొబైల్‌కి ఓటీపీ వస్తేనే కీ పనిచేస్తుంది. పదిహేను రోజుల్లో వద్దంటే డబ్బు వాపసు, అందుకని కమిషన్ ఆ గడువు దాటాక, తర్వాతి నెల పదో తేదీన. ఇద్దరు రీసెల్లర్లు ఇది విని "డబ్బు ముందు మా చేతికి రావాలి" అని వెళ్ళిపోయారు. పోనిచ్చాం.

టీడీఎస్ దగ్గర చాలా తంటాలు పడ్డాం. మాది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ కాబట్టి ఏడాదిలో ఒకరికి కమిషన్ 15,000 దాటితే అప్పట్లో 5 శాతం కోయాలి, 2024 అక్టోబరు నుంచి అది 2 శాతమైంది, 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 20,000కి పెరిగింది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం. భీమవరంలో మా రీసెల్లరు ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, డబ్బు తక్కువ పడిందని ఫోన్‌లో దాదాపు ఏడ్చినంత పని చేశాడు, "అక్కా, మీరు కూడా కోతలేనా" అని. అతన్ని పిలిచి, ఇన్‌కమ్ ట్యాక్స్ సైటులో అతని 26ఏఎస్ (పేరు మీద జమైన పన్నుల పట్టిక) తెరిపించి, కోసింది అతని పేరు మీదే జమ అయి ఉందని చూపించాను. జీవితంలో మొదటిసారి రిటర్ను వేశాడు, కోసిందంతా వెనక్కి వచ్చింది. ఆ తర్వాత మా మీద అతనికి కుదిరిన నమ్మకం ఏ కమిషన్‌తోనూ వచ్చేది కాదు.

2024లోనే అఫిలియేట్లని, అంటే మా గురించి పదిమందికీ చెప్పి, షాపు చేరితే డబ్బు తీసుకునేవాళ్ళని కూడా మొదలుపెట్టాం. ఫార్మసీ విషయాల మీద తెలుగులో వీడియోలు చేసే ఒకాయన, ఊళ్ళలో జీఎస్టీ రిటర్నులు వేసే కొందరు కన్సల్టెంట్లు. షాపు చేరితే 800, అంతే, సర్వీసు బాధ్యత లేదు. మొదట అందరిలాగే లింకులు ఇచ్చాం, లింకు నొక్కాక ముప్ఫై రోజుల్లో కొంటే వాళ్ళ ఖాతాలో పడేలా. రెండు నెలలు చూస్తే లింకుల లెక్కలో మూడు అమ్మకాలే. వీడియో ఆయన మాత్రం తన వల్ల ఇరవై మందైనా వచ్చి ఉంటారని పట్టుబట్టాడు. విచారిస్తే ఆయన చెప్పిందే నిజం. మనవాళ్ళు వీడియో చూస్తారు, లింకు నొక్కరు, కింద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తారు, రెండు రోజులు ఆలోచించుకుని యూపీఐలో డబ్బు వేస్తారు. లింకుకి ఇదంతా ఎలా తెలుస్తుంది? అందుకని లింకులు తీసేసి నోటితో చెప్పగలిగే కోడ్లు పెట్టాం, కోడు చెబితే షాపుకి 300 తగ్గింపు. ఆయనకి పాత బాకీ కూడా లెక్క కట్టి ఇచ్చాం. డబ్బు తీసుకుని చెబుతున్నానని వీడియో మొదట్లోనే చెప్పాలని షరతు పెట్టాను, 2021 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నియమాలు కూడా అదే చెబుతున్నాయి. ఒక సీఏ గారు మాత్రం "నాకేమీ వద్దమ్మా, ఆ 800 కూడా మా క్లయింటుకే తగ్గించు" అన్నారు, అలాగే చేశాం.

కోడ్లతో ఇంకో గొడవ వచ్చింది. భీమవరం కుర్రాడు ఒక షాపుకి మూడుసార్లు వెళ్ళి డెమో ఇస్తే, ఆ షాపాయన డబ్బు కట్టేటప్పుడు 300 తగ్గుతుందని వీడియోలో విన్న కోడు చెప్పాడు. లెక్కప్రకారం కమిషన్ వీడియో ఆయనకి. తిరిగింది ఒకరు, డబ్బు ఇంకొకరికి. అందుకని డెమోకి వెళ్ళే రీసెల్లరు ముందు షాపుని తన పేరు మీద నమోదు చేసుకోవాలని పెట్టాం, నలభై ఐదు రోజులు అది అతనిదే, ఎవరి కోడు చెప్పినా షాపుకి తగ్గింపు వస్తుంది గానీ కమిషన్ మారదు. షాపు పేరుతో నమోదు చేస్తే కుదరలేదు, ఒక్క ఊళ్ళోనే వేంకటేశ్వర మెడికల్స్ మూడో నాలుగో ఉంటాయి. డ్రగ్ లైసెన్సు నంబరు పెట్టాక గొడవలు ఆగాయి, దానికి ఇద్దరు హక్కుదార్లు ఉండరు కదా.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అనేది 2025 సెప్టెంబరులో తెలిసింది. 3వ తేదీ రాత్రి జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది, 22 నుంచి అమలు. మందులు చాలావరకు 12 నుంచి 5కి, కొన్ని ప్రాణాధార మందులు సున్నాకి, థర్మామీటరు 18 నుంచి 5కి. షాపులో ఉన్న పాత స్టాకు మీద పాత ఎమ్మార్పీయే ముద్రించి ఉంటుంది, అమ్మాల్సింది కొత్త ధరకి. 112 అని ఉన్న స్ట్రిప్పు 105కి ఇవ్వాలి. తమ్ముడు అప్‌డేట్ పది రోజుల్లో తయారుచేశాడు. కానీ ఇంటర్నెట్‌లో పంపితే సరిపోదు, చాలా షాపుల్లో హెచ్‌ఎస్‌ఎన్ కోడు (సరుకు ఏ రకమో చెప్పే జీఎస్టీ నంబరు) వేయకుండా పన్ను చేత్తో ఎక్కించి పెట్టుకున్న ఐటెమ్‌లు వందల్లో ఉంటాయి, ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. అదీ 21 ఆదివారం రాత్రి షాపు మూశాక, సోమవారం పొద్దున్న తెరిచేలోపు. తెల్లారితే దసరా నవరాత్రులు మొదలు.

భీమవరం కుర్రాడు శనివారం నుంచే మొదలుపెట్టి, ఇద్దరు స్నేహితులని వెంటేసుకుని, సోమవారం ఉదయానికి ముప్ఫై ఒక్క షాపులు పూర్తిచేశాడు. నేను బతిమాలలేదు, ఫోన్ కూడా చేయలేదు. ప్రతి షాపూ ఏడాదికి 1,200 చొప్పున అతనికి వస్తూనే ఉంటుంది, ఆ షాపు జారిపోతే నష్టం నాతో పాటు అతనికీ ఉంది. అఫిలియేట్ల ద్వారా వచ్చిన షాపులదే ఇబ్బంది. వీడియో ఆయన పాపం డబ్బు అడక్కుండా రేట్ల మార్పు మీద వివరంగా వీడియో చేసి పెట్టాడు, కానీ వెళ్ళి కూర్చునే మనిషి ఎవరూ లేరు. నాలుగు ఫోన్లు పెట్టుకుని నేను, తమ్ముడు, మరదలు, అమ్మ కూడా, మూడు రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఆ టెన్షన్ తగ్గాక చేసిన మొదటి పని, అఫిలియేట్లు తెచ్చిన ప్రతి షాపునీ దగ్గర్లోని రీసెల్లరుకి అప్పగించి, రెన్యువల్ 20 శాతం అతనికి రాయడం. షాపుని తెచ్చినవాళ్ళ 800 మాత్రం వాళ్ళకే.

24వ తేదీ మధ్యాహ్నం ఒక ఫోన్ వచ్చింది. రెండేళ్ళ కిందట నేను బండి స్టార్ట్ చేయలేక నిలబడిపోయిన ఆ షాపు పెద్దాయన. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా 12 శాతమే పడుతోందట, అమ్మినాయన ఫోన్ ఎత్తట్లేదట, పక్కన ఇంకో రెండు షాపులవాళ్ళు కూడా అడుగుతున్నారట. మూడు డ్రగ్ లైసెన్సు నంబర్లూ చెప్పమని రాసుకుని, ముందు భీమవరం కుర్రాడి పేరు మీద నమోదు చేశాను. అతనికి అడ్రసు పంపింది ఆ తర్వాతే.