లాగ్ తీయకుండానే చెప్పిన నాయన

"ఇంతకూ ఆ చెట్లు ఎప్పుడు కొట్టాలంట బిడ్డా?" అన్నాడు నాయన, నా నోట్‌బుక్‌లోకి తొంగి చూస్తూ.

రేపు ఇంటర్నల్ పరీక్ష. టేకు తోట లెక్క చేస్తున్నా. t ఏళ్లకు తోట విలువ లక్ష ఇంటూ e పవర్ రూట్ t. వడ్డీ 10 శాతం. లాగ్ (లాగరిథమ్) తీసి డిఫరెన్షియేట్ చేస్తే ముందున్న లక్ష ఎటో పోతుంది, 1 బై 2 రూట్ t మిగులుతుంది. తోట ఏడాదికి ఎంత శాతం చొప్పున పెరుగుతోందో అదే చెప్తుంది. అది 0.10, అంటే వడ్డీతో సమానం, అయ్యేది 25వ ఏట.

"అంటే మిత్తి కన్నా సరుకు మెల్లగా పెరిగిన్నాడు అమ్ముకోవాలె. అంతేనా?"

అంతే! రెండు పేజీలు నింపాను నేను.

మూలన పల్లీల మూటలున్నాయి, వాటి మీద పిల్లి పడుకుంది. రేటు రానీ అని నెల నుంచి ఆపాడు. అప్పేమో నూటికి 2 రూపాయల మిత్తి. క్వింటాల్ 7 వేలు అనుకుంటే నెలకు 140 పెరగాలి, లేకపోతే ఆపి లాభం లేదు అన్నాను.

"ఎలుకలు తినేది? ఎండి తూకం తగ్గేది? అవి ఏవీ నీ లెక్కల?"

నా దగ్గర జవాబు లేదు. సిలబస్‌లో ఎలుకలు లేవు మరి.

పొద్దున బాదేపల్లి మార్కెట్‌కు ఆటో మాట్లాడాడు. దారిలో నన్ను కాలేజీ దగ్గర దింపుతాడట. మూటల మీద కూర్చొని పోవాలి, కొత్త డ్రెస్ వద్దంటోంది అమ్మ.