మెడ ఒదగాలా, నగ ఒదగాలా?

"అమ్మా, ఇది నెక్లెస్ కాదు, స్కేలు."

స్కూల్లో ఫోటోలు తీసే రోజు పొద్దున మా అమ్మాయి అన్న మాట ఇది. తన మెడలో ఉన్నది నేను మూడు వారాలపాటు రాత్రిళ్ళు కూర్చుని సూదితో కుట్టిన పూసల పట్టీ. జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు, రెండు చివరలా గొలుసు ముక్కలు, కింద కుచ్చులు. బల్ల మీద ఉన్నంతసేపూ చాలా బాగుంది. మెడలో వెయ్యగానే మాత్రం నిటారుగా నిలబడింది. పట్టీ చివరలు భుజాల మీద గాలిలో తేలాయి. కుచ్చులు కిందకి దిగకుండా పిల్లి మీసాల్లా తలోదిక్కూ చూశాయి.

"కాసేపు వేసుకుంటే అదే ఒదుగుతుందిలే" అన్నాను.

పదకొండేళ్ళ పిల్ల అద్దంలోంచే నన్ను చూసి అడిగింది: "అది నాకు ఒదగాలా, నేను దానికి ఒదగాలా?"

తన నోట అంత చక్కని తెలుగు వాక్యం విని ఎన్నాళ్ళయిందో. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో కూడా నాకు తెలుసు. పెద్దవాళ్ళు ఫోన్లో ఉన్నప్పుడల్లా "కాస్త ఒదిగి కూర్చో" అని నేను గసిరే మాటే అది. మురిసిపోవాల్సింది పోయి బస్సుకి టైమవుతోందని అరిచాను. నగ తీసి బల్ల మీద పెట్టి, బోసి మెడతోనే ఫోటో దిగడానికి వెళ్ళిపోయింది.

నా కోపం తగ్గడానికి మధ్యాహ్నమైంది. అప్పుడు పట్టీ చేతిలోకి తీసుకుని వంచి చూశాను. పొడుగు అంచులు రెండూ కలిసేలా ఇట్టే గొట్టంలా చుట్టుకుంది. చివరలు రెండూ కలిపి మెడ చుట్టూ తిరిగినట్టు వంచబోతే మాత్రం మొరాయించింది. నేను వేసింది పెయోటి కుట్టు. ఈ కుట్టుకి ఒక స్వభావం ఉంది: పూసల రంధ్రాలు ఎటు సాగితే ఆ గీత మీదే తలుపు బందులా మడత పడుతుంది, దానికి అడ్డంగా వంగదు. వరస ఎటు వేస్తే రంధ్రాలూ అటే సాగుతాయి కాబట్టి, నేను పట్టీకి అడ్డంగా పొట్టి వరసలు వెయ్యాల్సింది. మాటిమాటికీ వెనక్కి తిరగడం బద్ధకమై పొడుగు వరసలు వేశాను. మెడ చుట్టూ తిరగాల్సిన నగకి వెన్నులో కర్ర పెట్టినట్టయింది.

తప్పు అదొక్కటే అయితే పొట్టి వరసలు వేసి సరిపెట్టుకునేదాన్ని. మియుకి కంపెనీ డెలికా రకం సిలిండర్ పూసలు వాడాను. వాటి అంచులు చదునుగా ఉంటాయి కాబట్టి గోడలో ఇటుకల్లా ఒకదానికొకటి అతుక్కుని కూర్చుంటాయి. బొమ్మ తేలాలంటే వాటికి సాటి లేదు. మెత్తదనం కావాలంటే మాత్రం గుండ్రటి సన్నపూసలే నయం, భుజాలు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి పక్కపూస కదలడానికి చోటిస్తాయి. దారం చూస్తే, చేపలు పట్టేవాళ్ళు వాడే అల్లిక దారం. సాగదు, తెగదు, ముడతపడదు. దాన్ని కూడా రెండు పేటలు చేసి, ప్రతి వరసలోంచీ మళ్ళీ ఒకసారి దూర్చాను. అలా దూర్చిన ప్రతిసారీ రంధ్రం నిండిపోతుంది. నిండినకొద్దీ పూస దారం మీద తిరగడం మానేస్తుంది.

ఎందుకంత గట్టిగా కుట్టానంటే, తెగకూడదని. రేపు మనవరాలికి ఇవ్వాలని. కూతురు వేసుకుంటుందో లేదో తేలకముందే మనవరాలి దాకా వెళ్ళిపోయాను.

ఆ శనివారం ఇద్దరం కలిసి మళ్ళీ మొదలుపెట్టాం. నేను ఒక షరతు పెట్టాను: పూసల దగ్గర కూర్చున్నంతసేపూ తెలుగే మాట్లాడాలి. పది నిమిషాలైనా కాకముందే షరతు తప్పింది నేనే. "టెన్షన్ తగ్గించు" అన్నాను, దారం లాగుతున్న తన చేతిని చూసి.

"టెన్షన్ తెలుగా?"

"కాదు. బిగువు అనాలి."

"అయితే నీకుండేది బిగువా?"

వాళ్ళ నాన్న పక్కగదిలోంచి నవ్వారు. ఆ మాటలో ఇంకో అర్థం కూడా ఉందని పిల్లకి తెలియదు. ఆయనకి తెలుసు.

ఈసారి రైట్ యాంగిల్ వీవ్ అనే ఇంకో కుట్టు పట్టాం. నేను సూత్రం చదివి వివరిస్తుంటే తనకి ఎక్కలేదు. కాసేపు తనే కాగితం మీద గీసుకుని, "ఇవి గదులమ్మా" అంది. మొదటి గదికి నాలుగు పూసలు, నాలుగు గోడలు. పక్కగదికి మూడు చాలు, ఒక గోడ ఉమ్మడి. రెండో వరసకి వచ్చేసరికి, మొదటి గది దాటాక, రెండేసి పూసలతోనే గది పూర్తవుతుంది. దారం ఎప్పుడూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిన్నగా పోదు, ప్రతి మూలా తిరుగుతుంది. అందుకే ప్రతి మూలా కదులుతుంది, ముక్క ఎటు వంచినా వంగుతుంది. నేను ఏళ్ళ తరబడి కుడుతున్నా ఉమ్మడి గోడ అన్న మాట నాకు తట్టలేదు.

పూసల సైజులు మాత్రం తనకి నచ్చలేదు. 8 కన్నా 11 చిన్నది, 11 కన్నా 15 ఇంకా చిన్నది అంటే, "తిక్క లెక్క" అంది. సూదులూ అంతే, 10 కన్నా 12 సన్నం. మేం 11 తీసుకున్నాం, పూస సుమారు 2 మిల్లీమీటర్లు. ఇంకా సన్నని మడతలు కావాలంటే 15కి వెళ్ళాలి, కానీ ఆ పూసలకి పిల్ల ఓపికా చాలదు, నా కళ్ళూ చాలవు.

ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగేది ఇంతే. ఒంటిపేట సన్నని నైలాన్ దారం తీసుకోండి. కుట్టేముందు రెండు చేతులతో సాగదీయండి, లేకపోతే నగ అయ్యాక అదే సాగి సందులు పడతాయి. మైనం ఎక్కువ పట్టించకండి. కుచ్చులు కుట్టేటప్పుడు చివరిపూస పట్టుకుని దారం పైకి లాగాక, అర పూసంత వదులు వదిలెయ్యండి. అన్నిటికన్నా ముందు, చిన్న ముక్క కుట్టి చూపుడువేలి మీద వెయ్యండి. రెండువైపులా తడిగుడ్డలా వాలితే ముందుకెళ్ళండి, అట్టముక్కలా నిలబడితే అక్కడే ఆగండి. నేను ఆ పరీక్ష చెయ్యకుండానే జానెడు కుట్టాను.

ఎంత వదులు అని అడిగితే మాత్రం నా దగ్గర కొలత లేదు. వదులు మరీ ఎక్కువైతే పూసల మధ్య దారం తెల్లగా కనబడుతుంది, వంకర పడుతుంది, ఏదో ఒక కొక్కేనికి తగులుకుని తెగుతుంది. పొడుగు గొట్టపు పూసలైతే ఇంకా ప్రమాదం, వాటి అంచులు కత్తుల్లా ఉంటాయి, వదులుగా ఉన్న దారం అక్కడ రాసుకుని రాసుకుని కోసుకుపోతుంది. బిగువు ఎక్కువైతే కొయ్యబొమ్మ. రెండిటి మధ్యా ఎక్కడో ఉంటుంది, చేతికి తెలియాలి అంటారు. నా చేతికి ఒక్కటే తెలుసు, లాగడం.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. తను మెడ పట్టీ వదిలేసి ముంజేతికి చిన్న పట్టా కుట్టుకుంది. నాలుగు రోజులు పట్టింది. చేతి మీద వేస్తే నీళ్ళలా జారింది. కానీ రెండుచోట్ల దారం బయటికి కనబడుతోంది. అది చూస్తే నాకు నిద్ర పట్టలేదు. తను పడుకున్నాక తీసి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఇంకోసారి దారం దూర్చి, లాగి, ముడి వేసి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. సాయం చేశాననే అనుకున్నాను, నిజంగానే.

పొద్దున తను చేతికి చుట్టుకోబోయి ఆగింది. "ఇది నాది కాదు."

"నీదే. కాస్త గట్టి చేశానంతే."

తను ఏమీ అనలేదు. ఆ రోజంతా వాళ్ళ నాన్నతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. నాతో మాట్లాడాల్సినవి కూడా ఆయనకే చెప్పింది.

మర్నాడు కారులో నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. తను ఏ తెలుగు వాక్యం మొదలుపెట్టినా మధ్యలో ఆపి క్రియ సరిచేస్తానని, "నేను వెళ్ళింది" కాదు "వెళ్ళాను" అంటానని, అలా సరిచేసి సరిచేసి తన తెలుగుని కూడా ఆ పట్టాలాగే బిగించేశానని, తప్పు తెలిసిందని. చెబుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. పోలిక బాగా కుదిరిందని లోపల ఒకింత గర్వం కూడా.

"అమ్మా, అవి పూసలు" అంది తను, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నేను దూర్చిన దారం తీసేద్దామని కూర్చున్నాను, రాలేదు. రాత్రి తొందరలో సూది పాత దారాన్ని చీల్చుకుని వెళ్ళింది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నాది లాగితే తనదీ వస్తోంది. చివరికి మొత్తం కత్తిరించాల్సి వచ్చింది. పూసలన్నీ మూతలో పోసుకుని తను మళ్ళీ మొదటి గది నుంచి మొదలుపెట్టింది. నన్ను సాయం అడగలేదు. మధ్యలో మాత్రం, "కత్తెర ఎక్కడ పెట్టావు, నేను నిన్న తెచ్చింది కదా" అంది.

"తెచ్చాను కదా" అన్నాను. నోరు ఊరుకోదు.

తను తలెత్తి నావైపొకసారి చూసి, మళ్ళీ పనిలో పడింది.

కొత్త పట్టా నిన్నటికి పూర్తయింది. మెత్తగా ఉంది. దారం ఈసారి మూడుచోట్ల కనబడుతోంది. రాత్రి పడుకునేముందు దాన్ని డబ్బాలో పెట్టి, తన గదిలో అలమారా పై అరలోకి ఎక్కించింది. కుర్చీ వేసుకుంటే నాకు అందుతుంది. ఆ సంగతి తనకీ తెలుసు. కుర్చీ కూడా తన గదిలోకే తీసుకుపోయింది.