పాపతో ఏ భాషలో మాట్లాడాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో పసిబిడ్డ ఉన్న తెలుగు ఇళ్లలో ఈ మాట తరచూ వస్తుంది. రేపు బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది కదా, ఇప్పటినుంచే ఇంట్లో తెలుగు తగ్గిస్తే మంచిది కాదా అని. రెండు భాషలు చెవిన పడితే పిల్లకు మాట ఆలస్యమవుతుందని మా పిన్ని గట్టి నమ్మకం. మా అమ్మాయికి ఇప్పుడు పదో నెల. నేను దానితో తెలుగులోనే మాట్లాడతాను, ఇంట్లో ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాను.

తొలి మూడేళ్లలో పెరిగినంత వేగంగా మెదడు మళ్లీ ఎప్పుడూ పెరగదు. నాడీకణాల మధ్య లెక్కలేనన్ని బంధాలు ఏర్పడతాయి. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, లేనివి క్రమంగా తొలగిపోతాయి. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పసివాళ్లకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లలు తేడా ఇట్టే పట్టుకున్నారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ నేర్పు చాలావరకు పోయింది, వాళ్ల ఇళ్లలో ఆ తేడాతో పనిలేదు కనుక. మన పిల్లలకు ఆ బెంగ లేదు. త, ట మాత్రమే కాదు, ల, ళ కూడా తెలుగులోనూ ఒడియాలోనూ వేర్వేరే. ఇంట్లో తెలుగు విన్న చెవి ఒడియాకు కూడా సిద్ధమవుతోందన్నమాట.

అయితే ఫోనులో పాటలు పెడితే సరిపోదా? సరిపోదు. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం అమెరికాలో 9 నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. అవే మాటలు వీడియోలో చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినదని ఫోను చేతికిచ్చే అలవాటు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పొద్దున దుకాణానికి వెళ్లేముందు పాప వంటింట్లో గిన్నెలు ముందేసుకుని కూర్చుంటుంది. ఒకదాన్ని చూపించి "బ్బ" అంటుంది. నేను పని ఆపి దాని ముఖంలోకి చూసి, "గిన్నె! గిన్నె కావాలా తల్లీ?" అంటాను. ఆపైన ఆగుతాను. ఆగడమే అన్నిటికన్నా ముఖ్యం. మళ్లీ "బ్బ" అనడానికి దానికి సమయం కావాలి. దాని శబ్దానికి ఒక మనిషి బదులిస్తే, ఆ బదులుకు అది మళ్లీ పలికితే, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మాట పుడుతుంది. మనకు బాగా వచ్చిన భాషలోనే అంత ఓపికగా, అంత ముద్దుగా మాట్లాడగలం. నాకు అది తెలుగే. ఒడియా అంటారా, ఎదురింటి ఆయీ (ఒడియాలో అమ్మమ్మ) సాయంత్రాలు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తన భాషలో కబుర్లు చెబుతుంది. అంతకన్నా మంచి గురువు ఎక్కడ దొరుకుతుంది?

తిండి సంగతీ మరవకూడదు. ఆరు నెలలు నిండాక తల్లిపాలు కొనసాగిస్తూనే ఇనుము దొరికే గుడ్డు, పప్పు, ఆకుకూర మెత్తగా చేసి పెట్టాలి. కూరలో అయోడిన్ ఉప్పు వాడాలి. ఇనుము, అయోడిన్ తక్కువైతే ఆ లోటు మెదడు మీదే పడుతుంది.

మాట నిజంగా ఆలస్యమైతే తప్పు రెండు భాషల మీదకు నెట్టి ఊరుకోవద్దు. ఏడాదికి ముద్దుపలుకులు లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, పిల్లల వైద్యుడికి చూపించి ముందు వినికిడి పరీక్ష చేయించండి. లెక్కపెట్టేటప్పుడు తెలుగు మాటలనూ ఒడియా మాటలనూ కలిపే లెక్కపెట్టండి.